ఈల వేస్తే వచ్చే చేప

కొల్లేరు చుట్టూ చేపలకు మేత పెట్టే తీరు చూస్తే ఒక ప్రశ్న పుట్టక మానదు. ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు రైతులు నూనె తీసిన తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపుతారు. వాటిని చెరువులో పాతిన గెడలకు వేలాడదీస్తారు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుని తింటాయి. మేత వేళ వాటికెలా తెలుస్తుంది? పడవ చప్పుడు వల్లా, వాసన వల్లా, పొద్దు వల్లా? నేర్చుకున్నాయనడం తేలిక, దేన్ని పట్టుకుని నేర్చుకున్నాయో తేల్చడమే కష్టం. ఆ పనికి ప్రైవేటు ఫౌండేషన్ల డబ్బే తగినదని నా వాదన.

చేపకు చెవుడని వందేళ్ల కిందట పెద్ద పెద్దవాళ్లే నమ్మారు. జర్మనీలో చెవి వైద్యుడు ఓటో కోర్నర్ రకరకాల చప్పుళ్లు చేసి చూశాడు. చేపలు కదల్లేదు, కాబట్టి వినపడదన్నాడు. ఆ చప్పుళ్లతో చేపకేం పని అని మాత్రం ఆలోచించలేదు. జంతుశాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ వాలుగ జాతికి చెందిన ఒక గుడ్డి చేపకు ఈల వేసి మేత పెట్టడం అలవాటు చేశాడు. కొన్నాళ్లకు మేత లేకపోయినా ఈల వింటే చాలు, గూట్లోంచి బయటికొచ్చేది. ఆ సంగతి 1923లో ప్రకటించాడు. అసలు అద్భుతం చేప ఒంట్లోనే ఉంది. చేప శరీరం సాంద్రతలో దాదాపు నీటి లాంటిదే కనుక శబ్దం దాన్ని దాటిపోతుంది. లోపలి గాలితిత్తి మాత్రం శబ్దపు ఒత్తిడికి ముడుచుకుంటూ, విచ్చుకుంటూ అదురుతుంది. వాలుగల్లో, శీలావతి, బొచ్చెల్లో ఆ అదురును చిన్న ఎముకల వరుస ఒకటి లోచెవికి చేరవేస్తుంది. 1820లో శాస్త్రవేత్త వేబర్ వర్ణించిన ఈ ఎముకల పుణ్యమా అని ఈ జాతులు వేల హెర్ట్జ్ శబ్దాలూ వింటాయి.

ఆ తర్వాత మ్యూనిక్‌లో ఫ్రిష్‌కు జంతుశాస్త్ర సంస్థ భవనం 1930ల మొదట్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సొమ్ముతో లేచింది. చేపల వినికిడి, తేనెటీగల చూపు: ఆయన పరిశోధించిన ఈ రెండిటికీ అప్పట్లో మార్కెట్ లేదు. 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాతల కోరికలే శాస్త్రాన్ని నడిపిస్తాయని ఒక అభ్యంతరం ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఇవాళ జంతువుల బుద్ధి మీద ఖర్చుపెడుతున్న టెంపుల్టన్ వరల్డ్ చారిటీ ఫౌండేషన్‌కు ఆధ్యాత్మిక ప్రశ్నల మీద మక్కువ ఉంది. బుద్ధి కనబడాలని కోరుకునేవాళ్లకు అది ఎక్కడైనా కనబడొచ్చు. కానీ కోర్నర్‌ను తప్పుదారి పట్టించింది దాత కాదు, ప్రయోగం అల్లిన తీరు. కాపలా కాయాల్సింది అక్కడ.

మన దగ్గర దాతలు లేకపోలేదు. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబపు ప్రతీక్ష ట్రస్టు అండతో బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం, తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపుర గ్రామాల్లో 45 ఏళ్లు దాటినవారి జ్ఞాపకశక్తిని ఏళ్ల తరబడి గమనిస్తోంది. ముసలితనం దాతలకూ వస్తుంది, చేపతనం రాదు. అందుకే చెరువుకు దాత దొరకడం కష్టం. మేత వృథా తగ్గుతుందంటే ఎవరైనా ఇస్తారేమో గానీ, ఆ మాటతో మొదలుపెడితే ప్రశ్నే మారిపోతుంది. ప్రయోగానికి దూరం పోనక్కర్లేదు, తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. నీటిలో చప్పుడు చేసే పరికరం, కొలిచే పరికరం అక్కడి విద్యార్థులు తయారుచేయగలరు. పడవ లేకుండా సంచి, సంచి లేకుండా పడవ, రెండూ లేకుండా చప్పుడు: ఒక్కొక్కటే మార్చి చూడాలి. పక్క చెరువులో, ఆ ఎముకల వరుస లేని కొరమేనుకూ అదే చప్పుడు వినిపించాలి.