పాత మోటారుకారులలో స్పార్కు ప్లగ్గు తీగలు: వాని పరీక్షయు మార్పిడియు



మన గ్రామములలో నేటికిని పాత అంబాసిడరు కారులు, కార్బురేటరు గల మారుతి 800 కారులు కొన్ని నడచుచునే యున్నవి. ఈ రెండు కారుల తయారీయు 2014 వ సంవత్సరమున నిలిచిపోయినది. అయినను కొన్నవా రందఱును వానిని విడువలేదు. పట్టణమునుండి విత్తనములు తెచ్చుకొనుటకును, పెండ్లి పేరంటములకు పోవుటకును, అర్ధరాత్రమున రోగిని ఆసుపత్రికి చేర్చుటకును ఇంటనున్న ఆ బండియే దిక్కు. అట్టి బండి వానరాత్రి కదలక మొరాయించినచో కలుగు చిక్కు అనుభవించినవారికే తెలియును.

ఈ మొరాయింపునకు కారణము పలుమాఱు మిక్కిలి స్వల్పముగా నుండును. ఈ వ్యాసము వ్రాయువాడు ఒకప్పుడు తన పాత అంబాసిడరు కుదుపులు మాన్పుటకై రెండుమాఱులు కార్బురేటరు విప్పించి కడిగించెను. ప్లగ్గులు క్రొత్తవి వేయించెను. పెట్రోలు పంపును మార్పించెను. సొమ్ము పోయినదేకాని కుదుపు పోలేదు. తుదకు ఒక ముసలి మేస్త్రీ చీకటిలో బానెట్టు ఎత్తి చూపగా, ప్లగ్గు తీగలమీద నీలి రవ్వలు ప్రాకుచుండుట కంటబడెను. తీగలు మార్చినంతనే బండి చక్కబడెను. మన సభ్యులు ఇట్టి వృథావ్యయమునకు లోనుగాకుండుటకై ఆ తీగల సంగతి యిచ్చట వివరింపబడుచున్నది.

తీగ చేయు పని

బాటరీలోని విద్యుత్తు 12 వోల్టుల బలము మాత్రమే కలది. ఇంత కొద్దిబలముతో ప్లగ్గు కొనయందలి సందును దాటి నిప్పురవ్వ పుట్టజాలదు. కావున కాయిలు అను సాధనము దానిని పది యిరువదివేల వోల్టుల వఱకు, ఒక్కొకప్పుడు అంతకు మించియు, పెంచును. ఇట్లు పెరిగిన విద్యుత్తు ఒక లావు తీగద్వారా డిస్ట్రిబ్యూటరు మూతకు చేరును. ఆ మూత లోపల తిరుగుచుండు రోటరు దానిని వరుస తప్పక ఒక్కొక్క ప్లగ్గు తీగకు పంచిపెట్టును. నాలుగు సిలిండర్ల అంబాసిడరునకు ప్లగ్గు తీగలు 4, కాయిలు తీగ 1, వెరసి 5. మూడు సిలిండర్లుగల మారుతి 800 నకు వెరసి 4. డీజిలు యంత్రముగల బండ్లకు ఈ తీగలే యుండవు. అందు అదుముడుచే వేడెక్కిన గాలివలననే నూనె మండును.

యంత్రము నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు 1,000 మాఱులు రవ్వ వేయవలెను. తీగ ఎంత గట్టి పని చేయుచున్నదో దీనివలన గ్రహింపవచ్చును.

పంటకాలువతో పోలిక

కాలువ గట్టునకు ఎలుకబొరియ పడినదనుకొనుడు. పల్లపు చేనికి నీరు పారుచున్నంతకాలము బొరియనుండి కారుట కొద్దిగానే యుండును. మెరక చేనికి నీరెక్కించుటకై కాలువలో మట్టము పెంచినచో నీరు మెరకకు ఎక్కక బొరియవెంటనే పోవును. ప్లగ్గు తీగ సంగతియు నట్టిదే. బండి నిలిచి యంత్రము మెల్లగా తిరుగుచుండగా రవ్వ పుట్టుటకు తక్కువ వోల్టులు చాలును. బస్తాలు నింపి వంతెన యెక్కించునప్పుడు సిలిండరులో గాలియు పెట్రోలును దట్టముగా అదుమబడును. ఆ దట్టమునందు రవ్వ దాటుటకు వోల్టులు హెచ్చుగా కావలెను. అప్పుడు తీగ తొడుగునం దెచ్చట పగులున్నదో అచ్చటనే విద్యుత్తు దగ్గరనున్న ఇనుమునకు దూకిపోవును. అందుచేతనే ఇంటిముంగిట బాగుగా నడచిన బండి ఎగుడుదారిలో కుదుపులు పెట్టును.

తీగలు చెడుటకు కారణములు

యంత్రపు వేడిమికి తొడుగు గట్టిపడి బీటలు వారును. నూనె తగిలినచోట ఉబ్బి మెత్తబడును. ఇనుము నానుకొన్నచోట ఒరసికొని అరిగిపోవును. పాకలలో నిలిపిన బండ్లలో ఎలుకలు కొఱుకుటయు కలదు. తిరుగని బండి తీగలైనను ఏండ్లు గడచినకొలది పెళుసెక్కును. కావున కిలోమీటర్లు మాత్రమే చూచి తీగలు మంచివని నమ్మరాదు.

తొడుగునకే కాక లోపలి నడిమి పోగునకును చేటు కలుగును. మిక్కిలి పాత తీగలలో రాగి పోగు లుండెడివి. తరువాతి తీగలలో పెక్కింట బొగ్గు పట్టించిన నూలువంటి పోగు గలదు; రేడియోలో గరగర శబ్దము రాకుండుటకై యిట్లు చేసిరి. ఈ పోగు సుకుమారమైనది. తీగను పట్టి లాగినచో పైకి ఏమియు కనబడకయే లోపల తెగిపోవును.

గుర్తులు

1. ఎండవేళ సరిగా నడచిన బండి వానలోను, మంచు కురిసిన ఉదయమునను బయలుదేరకుండుట.
2. బరువుతో ఎగువకు పోవునపుడు కుదుపులు పెట్టుట.
3. పెట్రోలు హెచ్చుగా తాగుట. పొగగొట్టమున పచ్చి పెట్రోలు వాసన వచ్చుట.

నాలుగింట ఒక సిలిండరు మండకున్నచో దానికి చేరిన పెట్రోలంతయు వృథా. అంతేకాదు, మండని పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసి, క్రిందికి జారి, యంత్రపు నూనెను పలుచన చేయును. ఇట్లు కొంతకాలము నడపినచో తీగలతో పోవు ఖర్చు యంత్రపు పెద్ద రిపేరునకు దారితీయును.

పరీక్ష

బండిని ఆరుబయట నిలిపి, చీకటి పడిన పిమ్మట బానెట్టు ఎత్తి, యంత్రమును నడిపింపుడు. మూసిన పాకలో ఈ పని చేయరాదు. పొగలోని విషవాయువు ప్రాణాపాయకరము. పెట్రోలు ఎచ్చటను కారకుండుట ముందే చూచుకొనవలెను. ఉత్తరీయము, పంచె చెఱగు, చీర కొంగు ఫ్యానునకు దూరముగా నుండవలెను. తీగలవెంట నీలి రవ్వలు గాని, చిటపట ధ్వని గాని యున్నచో తీగ చెడినట్లే. చేతితో మాత్రము తాకరాదు. గుండెకు పేసుమేకరు అమర్చుకొన్నవారు నడుచుచున్న యంత్రము దరికి రాకుండుట మేలు. కొందఱు నడుచుచున్న యంత్రమునుండి ఒక్కొక్క తీగ ఊడబెఱికి చూచెదరు. ఇది మంచి పద్ధతి కాదు. మనిషికి గట్టి దెబ్బ తగులును, కాయిలునకును చేటు.

ఓములు చూపు మీటరున్నచో, యంత్రము ఆపి, తీగను రెండువైపుల విడదీసి కొలవవచ్చును. రాగి తీగ దాదాపు సున్న చూపును. బొగ్గు తీగ కొన్నివేల ఓములు చూపును; పొడవైన తీగ కొంత హెచ్చు చూపుట సహజము. తక్కిన వానికంటె ఒకటి మిక్కిలి హెచ్చు చూపినను, ముల్లు కదలకున్నను, అంకె నిలువకున్నను లోపలి పోగు తెగినదని యెఱుగునది. అయితే మీటరు పోగు సంగతి చెప్పునే కాని తొడుగు పగులును చెప్పదు. దానికి చీకటి పరీక్షయే శరణ్యము.

మార్చు విధము

యంత్రము చల్లారిన పిదప, బాటరీనుండి బాడీకి కలిపిన తీగను విడదీయుడు. పాత తీగల అమరికను సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసికొనుడు. ప్రతి తీగకును అంకె వ్రాసిన కాగితపు చీటి కట్టుడు. అంబాసిడరులో రేడియేటరువైపు సిలిండరు 1 వ అంకె.

ముఖ్యమైన నియమ మిది: ఒక తీగ తీసి, దాని స్థానమున క్రొత్తది పెట్టి, అటుపిమ్మటనే రెండవదానిపై చేయి వేయవలెను. అన్నియు ఒకేసారి ఊడదీయరాదు. అంబాసిడరు 1489 సి.సి. యంత్రములో సిలిండర్లు మండు వరుస 1, 3, 4, 2. వరుస తప్పినచో యంత్రము నడువదు. నడిచినను కార్బురేటరునుండియో సైలెన్సరునుండియో తుపాకివలె ప్రేలును.

ప్లగ్గు చుట్టునున్న దుమ్మును ముందుగా ఊది తొలగింపుడు. చివరనున్న టోపీని పట్టి కొంచెము అటునిటు త్రిప్పి లాగుడు. తీగను పట్టి లాగరాదు. క్రొత్త తీగ పాతదానంత పొడవే యుండవలెను. రెండు కొనలును గట్టిగా కూర్చున్నట్లు చేతికి తెలియువఱకు నొక్కుడు. డిస్ట్రిబ్యూటరు మూతను లోపల వెలుపల తుడిచి చూడుడు. బీట గాని, నల్లని గీత గాని యున్నచో మూతయు మార్చవలసినదే. కాయిలు తీగను మఱువరాదు. అది యొక్కటి చెడినను సిలిండర్లన్నియు కుంటుపడును.

తీగలను క్లిప్పులలో అమర్చి, వేడి పొగగొట్టమునకు తగులకుండ చూడుడు. 3, 4 సిలిండర్లు ప్రక్కప్రక్కనుండి ఒకదాని వెంట నొకటి మండునవి. వాని తీగలు చాలదూరము అంటుకొని జంటగా పోయినచో ఒకదాని విద్యుత్తు రెండవదానిలో పుట్టి అకాలమున రవ్వ వేయించును. నడుమ ఎడముంచుట యవసరము.

ఒక తీగ మాత్రము చెడినను జత మొత్తము మార్చుట మంచిది. అన్నియు ఒకేనాడు వేసినవి, ఒకే వేడిమికి లోనైనవి గదా. తీసిన వానిలో పొడవైన మంచి తీగ నొకదానిని బండిలో నుంచుకొన్న త్రోవలో అక్కఱకు వచ్చును.

సభ్యులకు మనవి

ఓముల మీటరు ప్రతియింటను ఉండ నక్కఱలేదు. పాత బండ్లుగల సభ్యులు నలుగురైదుగురు కలిసి ఒకటి కొని సంఘ కార్యాలయమున నుంచుకొన్న అందఱికిని పనికివచ్చును. ఒకే జాతి బండ్లు గలవారు తీగల జతలను కలిసి తెప్పించుకొన్న మంచి సరకు చూచి కొనుటకు వీలగును. వానలు పట్టకమునుపే ఒక్క సాయంకాలము ఈ పరీక్షకై కేటాయింపుడు. అవసరమున్న రాత్రి బండి బయలుదేరునో లేదోయని దిగులుపడ నక్కఱ యుండదు.