దుకాణంలో దొరకని ముక్క

బూటు ఆకారంలో ఒక కారు. క్రికెట్ బంతి ఆకారంలో మరొకటి. కెమెరా, కప్పు, సోఫా, వంకాయ... హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో అడుగుపెట్టిన పిల్లలు ఏది ముందు చూడాలో తెలియక అటూ ఇటూ పరుగులు తీస్తారు. ఇవి బొమ్మలు కావు. ఇంజన్ ఉన్న బళ్ళు. కన్యాబోయిన సుధాకర్ తుక్కు సామానుతో ఏళ్ళ తరబడి కట్టుకొంటూ వచ్చిన ఈ బళ్ళు 2010 నుంచి మ్యూజియంలో ప్రజల ముందుకు వచ్చాయి. అంతకు ముందే, 2005 జూలై 1న ఆయన 12.67 మీటర్ల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును హైదరాబాద్‌లో తొక్కి గిన్నిస్ రికార్డుకెక్కారు.

చూడవచ్చినవారు పైన రేకు చూసి ముచ్చటపడతారు. ఎప్పుడైనా పానా పట్టినవారు మాత్రం వంగి బండి అడుగుకు చూస్తారు. ఇంట్లో కట్టే ఏ కారులోనైనా ఇంజన్ ఒక పాత బండిది, చక్రాలు మరొక బండివి, స్టీరింగ్ ఇంకొక బండిది. ఒకదానికొకటి ముఖపరిచయం లేనివి. వీటికి సంబంధం కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య అరచేయంత ఇనుప ముక్క. దానిని బ్రాకెట్ అంటారు. ఇది ఏ దుకాణంలోనూ దొరకదు. చేసుకోవలసిందే.

పన్ను తెచ్చిన అలవాటు

విడి భాగాలు కొని ఇంట్లో కారు బిగించుకొనే అలవాటు ఇంగ్లండులో బాగా పాకింది. 1957లో లోటస్ కంపెనీ 'లోటస్ సెవెన్' అనే చిన్న కారును తెచ్చింది. పూర్తి కారు కొంటే ఆ దేశంలో కొనుగోలు పన్ను పడేది. విడి భాగాలుగా కొంటే పడేది కాదు. అందుకని ఎందరో పెట్టెలు ఇంటికి తెచ్చుకొని షెడ్డులో కారు కట్టుకున్నారు. 1973లో అక్కడ పన్ను విధానం మారి ఆ లాభం పోయింది. అదే సంవత్సరం ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరాయి. లాభం పోయినా సరదా పోలేదు. పాత కారునుంచి ఇంజన్ తీసి, చట్రం తామే అతికి, కావలసిన ముక్కలు తామే కోసుకొనేవారు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

మన దగ్గర ఆ ముక్కలు చేసే చేతులకు కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రులు, హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మిషన్ల ముందు నిలబడేవారు రోజూ చేసేది ఇలాంటి పనే.

ముందు అట్ట, తరువాత ఇనుము

ఇంజన్‌ను చట్రానికి బిగించే బ్రాకెట్‌నే తీసుకుందాం. అనుభవం లేనివారు కొలతలు కాగితం మీద రాసుకొని నేరుగా ప్లేటు కోయిస్తారు. తీరా బిగించబోతే పానా తిరగడానికి చోటుండదు. లేదా సైలెన్సర్ గొట్టం అడ్డు వస్తుంది. అనుభవమున్నవారు ముందుగా అట్ట కత్తిరిస్తారు. బట్టల పెట్టె అట్ట చాలు. ఇంజన్‌ను ఇటుకల మీదా, చెక్కల మీదా సరైన ఎత్తులో నిలబెట్టి, అట్టను ఆ సందులో పెట్టి చూస్తారు. తగిలినచోట కోస్తారు, చాలనిచోట అతికిస్తారు. అట్ట పాడైతే పోయేదేమీ లేదు.

ఇప్పుడు కంప్యూటర్‌లో గీసి ఇస్తే లేజర్‌తో కోసిపెట్టే షాపులున్నాయి. అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. అయినా గీతలో తప్పుంటే లేజర్ ఆ తప్పునే చక్కగా కోసి ఇస్తుంది. అట్ట పరీక్ష అప్పుడూ తప్పదు.

తరువాత మందం. బరువు మోసే బ్రాకెట్‌కు 3 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటుకు తగ్గకుండా చూస్తారు. ఇంకా లావు పెట్టుకుంటే మంచిది కదా అనిపిస్తుంది. కాని చదరపు మీటరు ప్లేటు ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. ప్రతి ముక్కనూ లావు చేసుకుంటూ పోతే కారు కాస్తా రోడ్డు రోలరవుతుంది.

వంపులో మెలకువ ఉంది. ప్లేటును మరీ పదునుగా మడిస్తే మడత బయటి అంచున పగులు పుడుతుంది. మడత లోపలి గుండ్రం కనీసం ప్లేటు మందమంత ఉండాలి. అల్యూమినియమయితే ఇంకా జాగ్రత్త అవసరం. ఇనుము వేడెక్కితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగి జారిపోతుంది.

బెజ్జం అంచుకు దగ్గరగా వేయకూడదు. బెజ్జం మధ్యనుంచి ప్లేటు అంచుకు, బెజ్జం వెడల్పుకు రెండింతల దూరమన్నా ఉండాలి. చదరపు గొట్టానికి బోల్టు బిగించేటప్పుడు లోపల చిన్న గొట్టపు ముక్కను అడ్డంగా పెట్టి అతకాలి. లేకపోతే నట్టు బిగించే కొద్దీ గొట్టం అప్పడంలా నలుగుతుంది. చట్రంలో నాలుగు గొట్టాలను చదరంగా అతికి ఊరుకోకూడదు. కిర్రుమనే నులక మంచాన్ని పట్టుకొని ఊపి చూసినవారికి కారణం తెలుసు. ఒక మూలనుంచి మరొక మూలకు అడ్డు గొట్టం పడితేనే ఊగడం మానుతుంది.

అతుకు కాదు, ఇనుము చిరగాలి

అసలు చిక్కంతా వెల్డింగ్‌తోనే. పైకి చేప పొలుసుల్లా అందంగా కనిపించే అతుకు లోపల కరగకుండా ఉండిపోవచ్చు. పైపైన అంటుకున్న అతుకు షెడ్డులో నిలుస్తుంది. గుంతలో పడ్డ రోజున ఊడుతుంది.

దీనిని పట్టుకొనే ఉపాయం మన ఇంజనీరింగ్ విద్యార్థులకు బాగా తెలుసు. తామే బండి కట్టి తామే నడిపే 'బాహా' పోటీలు మన దేశంలో 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో మొదలయ్యాయి. తెలుగు ప్రాంతాల కళాశాలల జట్లూ వీటిలో పాల్గొంటూ వచ్చాయి. నడిపేవారి చుట్టూ ఉండే పంజరానికి వాడే ఉక్కులో కర్బనం కనీసం 0.18 శాతం ఉండాలన్నది ఆ పోటీల నిబంధన. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. వెల్డింగ్ చేసిన వ్యక్తి అదే రకం గొట్టంతో రెండు నమూనాలు చేసి చూపాలి. మొదటిదానిని విరిగేదాకా లాగుతారు. చిరిగితే పక్కనున్న గొట్టం చిరగాలి గాని అతుకు ఊడకూడదు. రెండవదానిని నిలువునా కోసి, కరుగు లోపలిదాకా దిగిందో లేదో చూస్తారు.

పోటీకి వెళ్ళనివారికీ ఈ పరీక్ష అందుబాటులోనే ఉంది. మిగిలిన తుక్కు ముక్కలు రెండు అతికించి, వైసులో బిగించి, సుత్తితో వంచి చూడవచ్చు. పదినిమిషాల పని. ఈ పదినిమిషాలు దండగ అనుకొనేవారు బండి ఎక్కకపోవడమే మేలు.

చేయనని చెప్పే మేస్త్రి

మంచి మేస్త్రిని గుర్తుపట్టడం ఎలా? అడిగినదల్లా చేసిపెట్టేవాడు మంచి మేస్త్రి కాడు. కొన్నింటికి చేయనని చెప్పేవాడు మంచి మేస్త్రి. బ్యాటరీ పెట్టే తట్టు, దీపాల పట్టీ, సీటు పక్క రేకు ఎవరి చేతితోనైనా చేయించుకోవచ్చు. అవి విరిగితే చికాకు, అంతే. స్టీరింగ్ చేతులు, చక్రం తిరిగే కీలు, బ్రేక్ పెడల్ మాట వేరు. కంపెనీలో కొలిమి దెబ్బలతో రూపుదిద్దుకొన్న స్టీరింగ్ చేతిని వేడిచేసి వంచితే దాని పదును పోతుంది. అలాంటిచోట బండికి సరిపోయే అసలు భాగాన్ని వెతికి తెచ్చి, దానికి అనుగుణంగా చట్రాన్ని మార్చుకోవాలి. వాటిని పట్టే బోల్టులు కూడా తల మీద 8.8 అని అచ్చు ఉన్నవో, అంతకన్న గట్టివో కావాలి.

పాత పెట్రోలు ట్యాంకు అతకమంటే మేస్త్రులు వెనుకాడతారు. ఖాళీ ట్యాంకే కదా అనుకోరాదు. పెట్రోలు నిండిన ట్యాంకుకన్న ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. జింకు పూత ఉన్న రేకును మూసిన గదిలో వెల్డింగ్ చేస్తే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూత గీకివేసి, ఆరుబయట చేసుకోవాలి.

రోడ్డెక్కే ముందు

ఇంత శ్రమపడి కట్టిన కారును రోడ్డు మీద తిప్పవచ్చునా? మన దేశంలో వాహనాల నమూనాలను ముందుగా అధీకృత సంస్థల్లో పరీక్ష చేయించాలి. ఇంట్లో ఒక్కటే చేసుకొనేవారికి అది మోయలేని బరువు. ఉన్న బండినే మార్చుకుందామన్నా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డువస్తుంది. తయారీదారు పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. బ్రిటన్‌లో ఒక్క కారునయినా పరీక్షించి అనుమతినిచ్చే పద్ధతి ఉంది. బయటికి పొడుచుకొచ్చిన బ్రాకెట్ అంచు 2.5 మిల్లీమీటర్ల గుండ్రానికి తగ్గినా అక్కడ బండిని తిప్పి పంపుతారు. పాదచారికి గుచ్చుకోకూడదని ఈ పట్టింపు. అలాంటి పరీక్ష మన దగ్గర లేదు గనుక ఇంటి కారుకు సొంత స్థలమో, పోటీ మైదానమో గతి. అంచును ఆకురాయితో గుండ్రంగా రుద్దుకోవడానికి మాత్రం ఏ అనుమతీ అక్కరలేదు.

అన్నీ బిగించాక చివరి పని ఒకటుంది. ప్రతి నట్టు మీదనుంచి పక్క ఇనుము మీదకు కలిపి రంగుతో ఒక సన్నని గీత గీయాలి. బండిని మైదానంలో నాలుగు చుట్లు తిప్పి, ఆపి, దీపం పట్టుకొని కిందికి దూరి చూడాలి. గీత కలిసే ఉంటే నట్టు కదలలేదు. విడిపోతే కదిలింది. అటువంటి గీత ఒక్కటి కనిపించినా ఆ రోజుకు తాళంచెవి జేబులో పెట్టుకొని మళ్ళీ పానా తీయవలసిందే.