మక్కబియా క్రీడలు

పలు దేశములయందు చెదరియున్న యూదుల క్రీడోత్సవమునకు మక్కబియా యని పేరు. పూర్వవీరుడగు జూడా మక్కబీ పేరిట, యోసెఫ్ యెకుతియేలీ యత్నమువలన, 1932లో టెల్ అవీవ్ నగరమున నివి ప్రారంభమైనవి. 1935లో వచ్చిన క్రీడాకారులలో పలువురు నాజీల పీడనకు వెరచి స్వదేశములకు మరలలేదు. 1938లో జరుగవలసిన క్రీడలు 1950లోగాని జరుగలేదు. 1953 నుండి సాధారణముగా నాలుగేండ్లకొకమారు జరుగుచున్నవి. 1965లో పదునైదేండ్ల మార్క్ స్పిట్జ్ ఇచ్చట ఈతలో నాలుగు స్వర్ణపతకములు గెలిచి, 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో ఏడు గెలిచెను.

విద్యార్థులారా! వారి భాషలు వేరైనను ఆట వారిని కలిపినది. నాయకరాజుల నాటినుండి మధుర, కోయంబుత్తూరు సీమలలో మన తెలుగిండ్లు కలవు. మాట నిలిచెను, లిపి మరుగగుచున్నది. ఏటికొకమారు ఆటపేరిట మన పిల్లలనెల్లఁ గూర్చి, ఆట ముగిసిన పిమ్మట ఒక్క పుట తెలుగు చదివింపరాదా? మేము కోరునది ఇంతియే.