మల్లెల తీర్థము

హైదరాబాదు నగరమున అఫ్జల్‌గంజి దాటి, మూసీనది నడుమనున్న ఇమ్లీబన్ బస్సుస్టేషనులో దినదినమును వందలకొలది యాత్రికులు శ్రీశైలము బస్సు లెక్కుచుందురు. 1994లో ఈ స్టేషను తెరచువరకు జిల్లాలకు పోవు బస్సులు గౌలిగూడలోని ఇనుపరేకుల గుమ్మటము క్రిందనుండి బయలుదేరెడివి. ఆ పాత గుమ్మటము 2018 జూలైలో కూలి నేలమట్టమయ్యెను. స్టేషను మారినను యాత్రికుల తొందర మారలేదు. మల్లికార్జునుని దర్శించి మరునాటికి ఇల్లు చేరవలెనను ఆత్రమున వారు వటవర్లపల్లి యను చిన్న యూరిని నిద్రలోనే దాటిపోదురు. ఆ యూరినుండి సుమారు 8 కిలోమీటర్లు అడవిలోనికి పోయినచో మల్లెల తీర్థమను జలపాతము కలదు.

అడవిబాట చివర సుమారు 350 మెట్లు దిగవలెను. దిగుచుండగా ముందు చప్పుడు వినవచ్చును, పిదప చల్లదనము తగులును, అటుపిమ్మట గాని నీరు కానరాదు. జలపాతపు ఎత్తు 150 అడుగులని చెప్పుదురు. జోగ్ జలపాతమును చూచివచ్చినవారి కిది చిన్నదిగా తోచవచ్చును. ఎత్తునుబట్టి జలపాతములకు మార్కులు వేయు పద్ధతి మాకు సమ్మతము కాదు. నల్లమలలో ఎండకాలపు మధ్యాహ్నమున నడచినవాడు ఈ లోయ అడుగున ఒక్క గడియ కూర్చున్నచో దీని విలువ తెలియును.

ఈ నీరు దూకుచున్న రాతి చరిత్ర మన చదువరులు తెలిసికొనదగినది. గోలకొండ దుర్గమునందును బంజారాకొండలయందును మనము చూచు గ్రానైటు వంటి రాయియే అమ్రాబాదు పీఠభూమికిని పునాది. దానిమీద పూర్వకాలమున నీటియంచున పేరుకొన్న ఇసుక గట్టిపడి క్వార్ట్జైటుగా మారినది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనికి శ్రీశైలము క్వార్ట్జైటని పేరు పెట్టిరి. కడప శిలాసంతతిలో నిది మీది పొర. కడప, కర్నూలు శిలలనుగూర్చి విలియం కింగు దొర 1872లోనే విపులమైన గ్రంథమును ప్రకటించెను. ఈ రాతి వయస్సు నూరుకోట్ల ఏండ్లకు మించినది. అది పుట్టునాటికి భూమిమీద చెట్టు లేదు, నీటిలో చేప లేదు. ఆనాటి అలలు ఇసుకపై గీచిన గీతలు కొన్ని పలకలమీద నేటికిని చెరగక నిలిచియున్నవి.

ఈ పొరలు చాపలు పరచినట్లు ఇంచుమించు సమముగా పరుండియుండ, నిలువు నెఱ్ఱెలు వానిని కోయుచున్నవి. ఇంత గట్టిరాతిని అరగదీయుట నీటికి సులభము కాదు. కావున అది నెఱ్ఱెలలో దూరును, అడుగుపొరను వదులుచేయును, దిమ్మకు దిమ్మను విడదీయును. దిమ్మ రాలినచోట గోడ నిలువుగా మిగులును. అందుచేతనే యిచ్చట నీరు వాలుగా జాఱక నిట్టనిలువున దూకుచున్నది. అడుగున పడియున్న బండ లన్నియు ఆ గోడనుండి రాలినవే. వానలు వెలిసిన పిమ్మటకూడ కొంతకాలము నీరు నిలుచుటకు కారణ మీ నెఱ్ఱెలలో దాగిన తడియే.

ఇటీవల కొందరు ఛాయాచిత్రములు తీసికొనివచ్చి, తాము దీనిని క్రొత్తగా కనుగొంటి మనుచున్నారు. ఎవరు కనుగొనిరి? చెంచులు ఈ అడవియందు తేనె తీయుచు, గడ్డలు త్రవ్వుకొనుచు తరతరములుగా నివసించుచున్నారు. వారికి తెలియని వాగు గాని, గుండము గాని యిచ్చట లేదు. శ్రీశైలనాథుని వారు చెంచు మల్లన్నయని తమ బంధువుగా కొలుతురు. వారి ఊరికి పేరు పెంట. పట్టణవాసి ముక్కు మూసికొను మాట అచ్చట ఇంటిపట్టు. దోమలపెంట, ఈగలపెంట యను ఊళ్లు బస్సుదారిలోనే కలవు. ఆస్ట్రియా దేశీయుడగు హైమెన్‌డార్ఫు యుద్ధకాలమున నిజాము రాజ్యమున చిక్కుపడి, 1940లో వీరి నడుమ నివసించి, 1943లో వీరినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన వచ్చునాటికే ఈ నీటికి పేరు కలదు, పూజ కలదు.

కనుగొనుటకు వచ్చినవారు మరికొందరు కలరు. గ్రానైటునకును దానిమీది క్వార్ట్జైటునకును నడుమనున్న సంధియొద్ద యురేనియము చేరియుండును. నల్గొండ సీమలో లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములయం దది అట్లే బయల్పడినది. అదే ఆశతో అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్లమేర సుమారు 4,000 రంధ్రములు త్రవ్వి శోధించు ప్రతిపాదనకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. నెఱ్ఱెలే నీటికి దారులైన రాతిలో నాలుగువేల రంధ్రములు! చెంచులు అడ్డుపడిరి, పట్టణములలోని విద్యావంతులును గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకములు వలదని తీర్మానించెను. అణుఖనిజములపై అధికారము కేంద్రప్రభుత్వముది గనుక, ఆ తీర్మానము ప్రజాభీష్టమును చాటునేగాని తలుపునకు తాళము వేయజాలదు. ఈ నీరు చెంచుల త్రాగునీరు, పులుల త్రాగునీరు. తుదకు కృష్ణలో కలిసి మన పొలములకును వచ్చు నీరు. భూస్వాములగు మా చదువరులు ఈ లెక్కను మరువరాదు.

చూడగోరువారికి మార్గము కష్టమైనది కాదు. కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా పోవు శ్రీశైలము బస్సెక్కి వటవర్లపల్లిలో దిగవలెను. అచ్చటినుండి అడవిలోనికి బస్సు లేదు. సొంత వాహనమున పోవుట మేలు. 2,600 చదరపు కిలోమీటర్లకు మించిన అమ్రాబాదు పులుల అభయారణ్యములోని భాగమిది కావున అటవీశాఖవారి అనుమతి ముందుగా విచారించుకొనవలెను. అక్టోబరు మొదలు ఫిబ్రవరివరకు మంచి కాలము. వేసవిలో ధార సన్నగిలును. గుండమున బండలు పాచిపట్టి జాఱును, ఈత వచ్చినవారుకూడ దిగరాదు. ప్లాస్టికు సీసా తీసికొనిపోయినవారు దానిని తిరిగి ఇంటికే తీసికొనిరావలెను. మెట్లు దిగుట కంటె ఎక్కుట కష్టము గనుక వృద్ధులు మధ్యాహ్నమునకు ముందే తిరుగుదారి పట్టుట మంచిది. మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 గంటలకు మూయుదురు. మరునాటి యుదయము 6 గంటలకు గాని తెరువరు.