'సోక్ అప్': తెలుగున తత్సమార్థక క్రియల విచారము

ఆంగ్లమునందు 'సోక్ అప్' అను జంటక్రియ కలదు. 'సోక్' అనగా నానుట, నానబెట్టుట. 'అప్' అను ఉపపదము చేరగానే అది ద్రవమును లోనికి గ్రహించుట యగును. బట్ట నీటిని, అద్దుడు కాగితము సిరాను ఇట్లు గ్రహించును. లక్ష్యార్థమున ఎండ, పరిసరముల వాతావరణము, విద్య, ధనము సైతము దీనికి కర్మలైనవి. కర్తరి ప్రయోగమున ఇన్నిటికిని నియమ మొక్కటే: గ్రహించునది కర్త, గ్రహింపబడునది కర్మ.

తెలుగున ఈ ఏకత్వము లేదు. 'నేల నీటిని పీల్చుకొన్నది' అన్నచో నేల కర్త; 'నీరు నేలలో ఇంకినది' అన్నచో నీరే కర్త. 'ఇంకు' అకర్మకము, 'ఇంకించు' దాని ప్రేరణరూపము. 'అప్' చేయు పనిని మనకు అనుబంధక్రియలు నెరవేర్చును. ఫలము కర్తకు చెందినచో 'కొను' చేరి 'పీల్చుకొను' అగును. పని నిశ్శేషమైనచో 'వేయు' చేరి 'పీల్చివేయు' అగును. ఎండను మాత్రము మనము పీల్చము. నీరెండలో చలి కాచుకొందుము. జీతమును ఖర్చులు మింగివేయును.

విద్యాగ్రహణమున భేదము మరింత స్పష్టము. 'చదువు ఒంటబట్టినది' అన్నప్పుడు చదువే కర్త. మనుష్యుడు దానికి ఆధారమాత్రుడు. అతని ప్రయత్నమును చెప్పవలసినచో 'ఒంటబట్టించుకొను' అందుము. 'సోక్ అప్'నకు మిక్కిలి సన్నిహితమైన రూప మిదియే.

ఈ విచారము నిఘంటువునకే పరిమితము కాదని ఖుర్సీపార్‌లో నాకు తోచినది. భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైనది. ఆ కర్మాగారపు ఉపాధి నాశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబము లీ ప్రాంతమున అనేకము. అట్టి యొక ఇంట, ఉత్తరాంధ్ర నుండి వచ్చిన వృద్ధురాలు మనుమని, "ఏట్రా బాబూ, సదువు ఒంటబడతందా?" అని యడిగెను. హిందీ బడిలో చదువు ఆ బాలుడు, "సమజ్ అవుతోంది మామ్మా" అనెను.

ఉత్తరము వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. ఇందును కర్త చదువే. కాని 'సమఝ్' బుద్ధికి సంబంధించినది. అవ్వ యడిగినది దేహమును గూర్చి. తెలిసిన దంతయు ఒంటబట్టదు. ఒంటబట్టినది మనుష్యుని నడవడిలో కానవచ్చును. ఆ బాలుడు పోగొట్టుకొన్నది ఒక పదము కాదు, ఈ వివేకము.

కావున అనువాదకుడు 'సోక్ అప్' ఎదురైనప్పుడు ఏమి గ్రహింపబడినదని మాత్రమే గాక, తెలుగున ఎవరు కర్త కావలెనని ముందుగా విచారింపవలెను. ఖుర్సీపార్ వంటి చోట్ల బోధించు ఉపాధ్యాయుడు 'సమజ్ అగుట'ను నిషేధింప బనిలేదు. దాని ప్రక్కన 'ఒంటబట్టుట'ను నిలిపిన చాలును.