థైరాయిడ్ మాంద్యము - గుండెకు దానితో గల సంబంధము

ఎడతెగని అలసట, చలికి తాళలేకపోవుట, బరువు పెరుగుట, ముఖము ఉబ్బుట, మాట మందగించుట - ఈ లక్షణములు గల వ్యక్తి ఇల్లాలైనచో మన ఇండ్లలో ఆమెను 'బద్ధకస్తురాలు' అని ఒక్కమాటలో తేల్చివేయుదురు. అది బద్ధకము కాక థైరాయిడ్ గ్రంథి మాంద్యము కావచ్చును. హైదరాబాదుతో సహా మన దేశములోని ఎనిమిది నగరములలో అయిదువేలకు పైగా వయోజనులను పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశీలనలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఈ మాంద్యము కనబడినది. పురుషులకంటె స్త్రీలలో ఇది హెచ్చు. మేము వైద్యులము కాము, భాష చెప్పుకొనువారము. అయినను ఈ వ్యాధి గుండెను ఎట్లు తాకునో విద్యార్థుల ద్వారా వారి ఇండ్లకు తెలియవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

కంఠమున శ్వాసనాళమునకు ముందు సీతాకోకచిలుకవలె అమరియున్న ఈ గ్రంథిని మన పాఠ్యపుస్తకములు అవటు గ్రంథి అనును. ఇది అయోడిన్‌తో థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. రక్తములో అది తగ్గినచో మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి ఊరకుండదు. కునుకుతీయు పనివానిని కేకవేసి లేపినట్లు టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును అధికముగా పంపును. కావున సాధారణముగా టి.ఎస్.హెచ్. అంకె పెరిగినదనగా థైరాయిడ్ పని తగ్గినదని అర్థము. ఈ తలక్రిందుల లెక్క తెలియక 'థైరాయిడ్ ఎక్కువైనది' అని చెప్పుకొనువారు పెక్కుమంది.

ఇక గుండె సంగతి. చెడ్డ కొవ్వు అని మనము పిలుచు ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను రక్తమునుండి తీసివేయు పని ప్రధానముగా కాలేయముది. కాలేయ కణములపై దానిని పట్టుకొను గ్రాహకములు ఉండును. థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు ఈ గ్రాహకములు తగ్గిపోవును, ఎల్.డి.ఎల్. రక్తములోనే నిలిచి ధమనుల గోడలలో పేరుకొనును. అనగా నెయ్యి ముట్టని మనిషికి సైతము కొలెస్టరాల్ పెరుగవచ్చును! దీనికితోడు రక్తనాళములు బిగుసుకొని రక్తపోటు యొక్క క్రింది అంకె పెరుగును. హెర్మన్ జోండెక్ అను జర్మన్ వైద్యుడు 1918లోనే ఈ వ్యాధిలో ఉబ్బిన గుండెను వర్ణించి, థైరాయిడ్ మందుతో అది తిరిగి కుదురుకొనుటను చూపెను.

అందువలన కొలెస్టరాల్ పెరిగినదనగానే కొవ్వు మాత్రలకు పోక, ముందుగా టి.ఎస్.హెచ్. చూపించుకొనుట మేలు. థైరాయిడ్ మాంద్యమును గుర్తింపకుండ స్టాటిన్ మాత్రలు వాడినచో కండరములకు హాని కలుగు అవకాశము హెచ్చు. హోమోసిస్టీన్ కూడ ఈ వ్యాధిలో పెరుగునందురు, సి.ఆర్.పి. విషయమున పరిశీలనల ఫలితములు పొసగవు. ఖరీదైన పరీక్షల పట్టికకన్న టి.ఎస్.హెచ్., థైరాక్సిన్, కొలెస్టరాల్ - ఈ మూడే సామాన్యునికి ముఖ్యమని మా అభిప్రాయము.

అంకె కాస్త పెరిగినంతనే బెదరనక్కరలేదు. థైరాక్సిన్ సరిగానే ఉండి టి.ఎస్.హెచ్. మాత్రము పెరిగినవారిని గురించి పదకొండు పరిశీలనలలోని 55 వేలమంది వివరములను కలిపి 2010లో లెక్కగట్టిరి. టి.ఎస్.హెచ్. 10 దాటినవారిలో గుండెజబ్బు స్పష్టముగా హెచ్చెను. 7 లోపు ఉన్నవారిలో హెచ్చలేదు. వృద్ధులకు అక్కరలేని మోతాదు ఇచ్చినచో గుండె లయ తప్పు ప్రమాదము కలదు.

లీవోథైరాక్సిన్ మాత్రయే దీనికి చికిత్స. గుండెజబ్బు ఉన్నవారికి వైద్యులు స్వల్ప మోతాదుతో మొదలిడి మెల్లగా పెంచెదరు; ఒక్కసారిగా పెంచినచో గుండె శ్రమ పెరిగి ఛాతీనొప్పి రావచ్చును. మాత్రను పరగడుపున మంచినీటితో మ్రింగి, కనీసము అరగంట తరువాతనే టీ త్రాగవలెను. కాల్షియము, ఇనుము మాత్రలకును దీనికిని నాలుగు గంటల ఎడముండవలెను. రంజాను నెలలో ఎట్లనునది మన విద్యార్థుల ఇండ్లలో తప్పక వచ్చు ప్రశ్న. సహరీకి అరగంట ముందు గాని, రాత్రి భోజనమైన మూడు గంటల పిమ్మట నిద్రవేళ గాని వేసికొనవచ్చును. ఏది తగునో వైద్యుని ముందుగానే అడుగవలెను. నెల మొత్తము మానివేయుట మాత్రము కూడదు. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారములకు టి.ఎస్.హెచ్. మరల చూపించుకొనవలెను, కొలెస్టరాల్ ఏ మేరకు దిగివచ్చినదో అప్పుడే తెలియును.