గడ్డ ఎంత అన్నది చాలదు, ఎంత వేగమన్నది తెలియవలెను

గ్రామములో ఒక స్త్రీకి రొమ్ములో గడ్డ కనబడినదనగానే అందరు అడుగు ప్రశ్న "ఎంత గడ్డ?" అని. ఆ ప్రశ్న అవసరమే. కాని వైద్యులు మరియొక ప్రశ్నయు వేయుదురు: ఆ గడ్డ ఎంత వేగముగ పెరుగుచున్నది? చికిత్సకు దారి చూపు ఈ ప్రశ్నను గూర్చి పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

శరీరములో ఒక కణము రెండగుట సహజము; గాయము మానుట ఇందువలననే. క్యాన్సరులో ఈ విభజన అదుపు తప్పును. అయినను గడ్డలోని కణములన్నియు ఒకేసారి విభజన చెందవు. కొన్ని విశ్రాంతిలో నుండును. వీనిని వేరుపరచి చూపు గుర్తును 1983లో జర్మనీలోని కీల్ నగరమున గెర్డెస్ ప్రభృతులు కనుగొనిరి. దాని పేరు కి-67. ఈ మాంసకృత్తు విభజనలోనున్న కణములలో ఉండును, విశ్రాంతి కణములలో ఉండదు. గడ్డనుండి తీసిన ముక్కకు రంగు పట్టించి, నూటికి ఎన్ని కణములు రంగు చూపినవో సూక్ష్మదర్శినితో లెక్కింతురు. హార్మోను ప్రభావమున పెరుగు రొమ్ము క్యాన్సరులో 5 శాతము వరకు తక్కువ, 30 శాతము మొదలు ఎక్కువ అని 2021లో అంతర్జాతీయ నిపుణులు తెలిపిరి. నడుమ వచ్చిన అంకెను బట్టియే నిర్ణయము చేయరాదు.

మొలకెత్తు గింజను చంపు మందు నేలలో నిద్రించు తుంగగడ్డను చంపదని రైతు ఎరుగును. కీమో మందులలో పెక్కు ఇట్టివే; విభజన చెందు కణములనే అవి ముఖ్యముగ దెబ్బతీయును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ ఈ కోవలోనిదే. 1948లో బోస్టనులో ఫార్బర్ దానితో రక్త క్యాన్సరు పిల్లలకు తాత్కాలికముగ ఉపశమనము కలిగించెను. కనుక అంకె ఎక్కువగు గడ్డ కీమో మందుకు తరచు లొంగును. అంకె తక్కువయై, హార్మోను రకమైనచో మాత్రలే ప్రధాన చికిత్స కావచ్చును.

మాత్రలు పనిచేయుచున్నవా అనునదియు ఈ అంకె తెలుపును. ముట్లుడిగిన 4,480 మంది స్త్రీలతో బ్రిటనులో జరిగిన పరిశోధన 2020లో వెలువడినది. వారిలో అధికులకు శస్త్రచికిత్సకు ముందు రెండు వారములు మాత్రలిచ్చిరి. ఒక ప్రధాన వర్గమున 5 సంవత్సరములలో వ్యాధి తిరగబెట్టినది, అంకె మొదటినుండియు తక్కువైనవారిలో నూటికి సుమారు నలుగురికి. మాత్రలతో తగ్గినవారిలో 8 మందికి. తగ్గనివారిలో 21 మందికి.

ఇందు రెండు పొరపాట్లు కలుగవచ్చును. "వేగముగ పెరుగుచున్నది" అని విని ఇక ఆశ లేదని రోగిని ఇంటికి తెచ్చుట మొదటిది. అట్టి గడ్డకే మందు బాగుగ పనిచేయవచ్చును. "నిదానమైనది" అని విని చికిత్స మానుట రెండవది. నిదానమైనదియు పెరుగుట మానదు.

అంకె సరిగ రావలెనన్న తీసిన ముక్కను గంటలోపల ఫార్మలిన్ ద్రవములో ఉంచవలెను. ఖాళీ సీసాలో గాని ఉప్పునీటిలో గాని పంపిన ముక్క చెడిపోవును. ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మను, పరీక్ష పత్రమును రోగి బంధువులు అడిగి తెచ్చుకొని దాచవలెను. వేరొక ఆసుపత్రికి పోవలసివచ్చినను మరల కోత లేకుండ పరీక్షింపవచ్చును. ఈ మాట ఆ కుటుంబమునకు చెప్పి, రోగిని చికిత్సకు పంపుట సభ్యుల చేతిలోని పని.